పాత కారు ఇంజిన్: పని చేయించాలా, మార్చేయాలా? నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లకు నా సలహా

బండి పొగ కొడుతోంది, ఆయిల్ తాగుతోంది, ఫ్లైఓవర్ ఎక్కాలంటే ఏసీ ఆపాల్సి వస్తోంది. మెకానిక్ బానెట్ ఎత్తి రెండు నిమిషాలు విని "ఇంజిన్‌కి పనొచ్చిందన్నా, దించాల్సిందే" అంటాడు. ఇంకో షాపుకెళ్తే "దీనికి పని చేయించడం దండగ, మెడ్రాసు నుంచి ఇంజిన్ తెప్పిస్తా, మూడో రోజు బండి తోలుకుపోవచ్చు" అంటాడు. ఇంటికొస్తే బావమరిది "అమ్మి పారేయ్ బావా" అంటాడు. ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంది, కానీ ముగ్గురిలో ఒక్కరు కూడా ఆ ఇంజిన్ విప్పి కొలవలేదు. నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: కొలతలు చేతికి రాకముందు పని చేయిస్తాననీ అనొద్దు, మారుస్తాననీ అనొద్దు, ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దు.

అసలు ఇంజిన్ పోయిందా?

పొగ రంగు చూడండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు గుప్పున వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడి ఉండొచ్చు, అది చిన్న పని, చాలా బళ్లకి ఇంజిన్ దించకుండానే అవుతుంది. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులూ, పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ, అంటే బోరూ అరిగి ఉంటాయి. డీజిల్ బండైతే టర్బో సీలు పోయినా అచ్చం ఇలాగే నీలం పొగ వస్తుంది, టర్బో చూడకుండా ఇంజిన్ విప్పితే లేబర్ వృథా. తెల్ల పొగ ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గిపోతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ, దాని పైన కూర్చునే హెడ్డుకీ మధ్య ఉండే సీలు) మీద అనుమానపడాలి. ఆయిల్ క్యాప్ లోపల పాలు కలిసిన కాఫీ రంగులో జిడ్డు కనిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. నల్ల పొగ ఎక్కువగా ఇంజెక్టర్లు, ఎయిర్ ఫిల్టర్, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు) వైపు నుంచి వచ్చే గొడవ, దానికోసం ఇంజిన్ దించాల్సిన పని లేదు.

తర్వాత కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో గేజ్‌తో కొలవడం. ఈ మాట అనగానే "అదెందుకు సార్, సౌండ్ వింటే తెలిసిపోతుంది" అనే మెకానిక్ దగ్గర బండి విప్పించొద్దు. చాలా పెట్రోల్ కార్లలో ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఒక్కో సిలిండర్‌లో 150 నుంచి 190 పీఎస్‌ఐ దాకా రావాలి. అంకె ఎంత ముఖ్యమో సిలిండర్ల మధ్య తేడా అంతకంటే ముఖ్యం, 10-15 శాతం దాటితే లోపల ఏదో ఉంది. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగిందంటే రింగులు, బోరు. పెరగలేదంటే వాల్వులో, గాస్కెటో. డీజిల్‌కి వేరే గేజ్ కావాలి, ఒత్తిడి చాలా ఎక్కువ ఉంటుంది.

ఆయిల్ తాగడం గురించి ఒక మాట. పాత బండి కొంచెం ఆయిల్ తగ్గించడం మామూలే. వెయ్యి కిలోమీటర్లకు లీటరు పైన పోయాల్సి వస్తుంటే అప్పుడు ఇంజిన్ పని గురించి ఆలోచించాలి. అంతకు తక్కువైతే లెవెల్ చూసుకుంటూ, పోసుకుంటూ ఇంకో ఏడాది లాగేయడంలో తప్పేమీ లేదు.

ఎందుకు పోయిందో తెలియకపోతే కొత్తదీ పోతుంది

మన వైపు ఇంజిన్లు ఎక్కువగా వేడికి పోతాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో హైవే మీద ఏసీ వేసుకుని ఫుల్ లోడుతో పోతుంటాం. దానికి తోడు కూలెంట్ తగ్గినప్పుడల్లా పక్కన చేలో మోటారు దగ్గరో, పెట్రోల్ బంకులోనో బాటిల్‌తో పట్టుకొచ్చి బోరు నీళ్లు పోసేస్తాం. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఆ నీళ్లు ఎలాంటివో అక్కడి వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, ఇంట్లో గిన్నెకి పట్టే తెల్లటి పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ, ఇంజిన్ బ్లాక్ లోపల నీళ్లు తిరిగే దారుల్లోనూ పడుతుంది. కొన్నేళ్లకి దారి సన్నబడి ఒక వేసవిలో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది, హెడ్డు వంగుతుంది, గాస్కెట్ కొట్టేస్తుంది.

ఇప్పుడు ఆ రేడియేటర్‌ని అలాగే ఉంచి ఎంత మంచి ఇంజిన్ ఎక్కించినా వచ్చే మే నెలకి అదే కథ. అందుకే ఏ దారి ఎంచుకున్నా రేడియేటర్, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు), వాటర్ పంప్, ఫ్యాన్ పనితీరు ఎస్టిమేట్‌లో ఉన్నాయో లేదో మొదట చూడండి. థర్మోస్టాట్ పీకి పారేసి "మన ఎండలకి ఇది అక్కర్లేదన్నా" అనే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి చేరడానికి ఆలస్యమవుతుంది, డీజిలో పెట్రోలో ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది.

బోరింగ్ షాపులో మీరు పక్కన నిలబడి చూడాల్సింది

హెడ్డు తీశాక మెకానిక్‌తో పాటు మీరూ వెళ్లండి. నెల్లూరు వాళ్లకి ఆటోనగర్ ఉంది, ఒంగోల్లోనూ బోరింగ్, అంటే అరిగిన బోరుని కోసి సమంగా పెద్దది చేసే షాపులున్నాయి. సిలిండర్ పై అంచు నుంచి అర అంగుళం కిందికి గోరు దింపండి. రింగులు తిరిగే చోటు అరిగి, తిరగని చోటు అలాగే ఉండిపోయి చిన్న గట్టులా తగులుతుంది. గోరు ఆగిపోయేంత గట్టు ఉంటే బోరు బాగా అరిగిందని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

తర్వాత బోర్ గేజ్. మంచి లేత్ మనిషి గేజ్‌ని సిలిండర్‌లో పైన, మధ్యలో, కింద పెడతాడు, ఒక్కోచోట అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, అంటే ఒక్కో సిలిండర్‌కి ఆరు కొలతలు. పైకీ కిందికీ తేడా ఉంటే బోరు గరాటులా అరిగినట్టు, అడ్డానికీ నిలువుకీ తేడా ఉంటే కోలగా అరిగినట్టు. ఆ ఆరు అంకెలూ కాగితం మీద రాయించుకుని ఫోటో తీసుకోండి. మారుతి, టాటా బళ్లలో బాగా నడిచిన 1.3 డీజిల్‌లో కొత్త బోరు 69.6 మిల్లీమీటర్లు, మీ మోడల్‌కి ఎంత ఉండాలో, ఎంత అరుగుదల దాకా పర్వాలేదో కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, దానితో పోల్చమనండి. క్రాంక్‌ని (పిస్టన్లు తిప్పే ఇరుసుని) మైక్రోమీటర్‌తో కొలవాలి, దాని మీద గీతలున్నాయా, వేడికి నీలం తిరిగిందా చూడాలి. హెడ్డు మీద స్కేల్ నిలబెట్టి కింద ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూస్తే వంగిందో లేదో తెలుస్తుంది.

ఇక్కడే మీ నిర్ణయం సగం అయిపోతుంది. బ్లాక్ పగల్లేదు, క్రాంక్ గ్రైండింగ్‌కి పనికొస్తుంది, పెద్దది చేసిన బోరుకి సరిపోయే ఓవర్‌సైజ్ పిస్టన్లు మార్కెట్లో దొరుకుతాయి అంటే మీ ఇంజిన్ బతికే ఇంజిన్. కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాక్‌కి బొక్క పడింది, లేదా ఇదివరకే ఓవర్‌సైజ్ చేసేసి ఇక బోర్ చేయడానికి మందం లేదు అంటే పని చేయించడం గురించి ఇక మాట్లాడుకోనవసరం లేదు. అల్యూమినియం బ్లాక్ ఉన్న ఈ మధ్య చిన్న పెట్రోల్ ఇంజిన్లలో ఇంకో చిక్కుంది, లోపలి ఇనప స్లీవు పలచగా ఉంటుంది, అన్ని మోడళ్లకీ ఓవర్‌సైజ్ పిస్టన్లు రావు. విప్పకముందే స్పేర్ పార్టుల షాపులో ఇంజిన్ నంబర్ చెప్పి అడగండి.

దారులు ఏమేం ఉన్నాయి

| దారి | ఎవరికి సరిపోతుంది | బండి ఆగే రోజులు | పెద్ద ముప్పు | ఆర్‌సీలో మార్పు |
|---|---|---|---|---|
| హెడ్డు పని మాత్రమే | కింద కంప్రెషన్ బాగుండి గాస్కెట్, వాల్వులు పోయినవాళ్లకి | కొద్ది రోజులు | కింద రింగులు అప్పటికే అరిగి ఉండటం | లేదు |
| హాఫ్ ఇంజిన్ | కొద్దిగా అరిగిన బోరుకి | వారం లోపు | బోర్ చేయకుండా రింగులేసి కానిచ్చేయడం | లేదు |
| ఫుల్ ఇంజిన్ పని | బండి ఇంకా అయిదేళ్లైనా ఉంచుకునేవాళ్లకి | వారం నుంచి రెండు వారాలు, ఇంకా సాగొచ్చు | పనివాడి చేతిలో ఉంటుంది అంతా | లేదు |
| స్క్రాప్‌లోంచి పాత ఇంజిన్ | బ్లాక్ పగిలినవాళ్లకి, బండి ఆగితే రోజు గడవనివాళ్లకి | రెండు మూడు రోజులు | లోపల ఏముందో తెలియదు, దొంగ బండిది కావచ్చు | తప్పనిసరి |
| కంపెనీ కొత్త బ్లాక్ అసెంబ్లీ | కొత్తదనం ఉన్న, ఖరీదైన బండికి | ఆర్డర్ వచ్చేదాకా | ఖర్చు | నంబర్ మారితే తప్పనిసరి |

హాఫ్ ఇంజిన్ అంటే ఒక్కో షాపులో ఒక్కో అర్థం. ఒకాయన లెక్కలో రింగులు, బేరింగులు, గాస్కెట్లు, ఇంకొకాయన లెక్కలో పిస్టన్లు కూడా. కాబట్టి "హాఫా, ఫుల్లా" అని బేరమాడకుండా, ఏ ఏ పార్టు కొత్తది వేస్తారో, ఏ కంపెనీదో, లేత్ పనులు ఏవేవో కాగితం మీద పెట్టించండి. కోలగా అరిగిన బోరులో కొత్త రింగులు వేస్తే కొన్నాళ్లు పొగ తగ్గినట్టే ఉంటుంది, తర్వాత మళ్లీ మొదలవుతుంది, అప్పుడు రెండోసారి లేబర్ మీదే.

ఫుల్ పనిలో బోరింగ్, హోనింగ్ (బోరుకి సన్నగా సాన పట్టడం), 0.25 గానీ 0.50 గానీ మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్లు, రింగులు, క్రాంక్ గ్రైండింగ్, దానికి తగ్గ అండర్‌సైజ్ బేరింగులు, హెడ్ ఫేసింగ్, వాల్వ్ సీట్ కటింగ్, గైడ్లు, సీళ్లు, ఆయిల్ పంప్ ఉండాలి. ఇంజిన్ ఎలాగూ దించారు కాబట్టి క్లచ్ ప్లేటు, ఇంజిన్ మౌంటింగులు, టైమింగ్ చైన్ లేదా బెల్టు, రబ్బర్ పైపులు అప్పుడే మార్చేయడం తెలివైన పని, పార్టు ఖర్చే తప్ప లేబర్ మళ్లీ పడదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, పాత బళ్లలో ఫ్యూయెల్ పైపులూ సీళ్లూ దానికోసం చేసినవి కావు, వాటినీ ఓసారి చూపించుకోండి. డీజిల్ బండైతే ఇంజెక్టర్లు, పంప్, టర్బో ఆ ఎస్టిమేట్‌లో లేవని గుర్తుంచుకోవాలి. ఆ మూడింటిలో ఒకటి పోయినా బిల్లు ఒక్కసారిగా పెరిగిపోతుంది, అందుకే ఇంజిన్‌కి డబ్బు పెట్టే ముందే ఇంజెక్టర్లు టెస్ట్ చేయించండి.

పాత ఇంజిన్ సంగతి. నెల్లూరు నుంచి దక్షిణాన దాదాపు 175 కిలోమీటర్లు పోతే చెన్నై, అక్కడ పాత బళ్ల పార్టులు అమ్మే పుదుపేట. ఒంగోలు వాళ్లకి విజయవాడ ఆటోనగర్ దగ్గర. రెండు చోట్లా దొరకని ఇంజిన్ ఉండదంటారు, నిజమే, కానీ దొరకడం వేరు, మంచిది దొరకడం వేరు. ఇంజిన్ నేల మీద పెట్టి ఉన్నప్పుడు కూడా చూడగలిగినవి ఉన్నాయి. క్రాంక్ పుల్లీ బోల్టుకి స్పానర్ వేసి చేత్తో రెండు చుట్లు పూర్తిగా తిప్పించండి, ఎక్కడా పట్టేయకూడదు, ఒక్కో కంప్రెషన్‌కీ బరువు తెలియాలి. ఆయిల్ క్యాప్ తీసి టార్చ్ వేయండి, లోపల తేనె రంగుంటే ఆయిల్ వేళకి మార్చిన బండి, నల్లగా తారులా పేరుకుని ఉంటే వదిలేయండి. నీళ్లు బయటికొచ్చే గొట్టంలో వేలు పెట్టండి, తుప్పు పొడి వస్తే అది బోరు నీళ్లు తాగిన ఇంజినే. హెడ్ బోల్టుల మూలలు అరిగి ఉంటే ఎవరో ఇదివరకే విప్పారు. బయట కొత్తగా రంగేసి మెరిపించిన ఇంజిన్‌ని నేనైతే ముట్టుకోను.

ఇంకో విషయం, పేరొకటే అయినా ఇంజిన్లన్నీ ఒకటి కావు. అదే 1.3 డీజిల్ స్విఫ్ట్‌లో 75 హార్స్‌పవర్, ఎర్టిగాలో 90, టర్బో వేరు, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) వేరు. "అన్నీ ఒకటే సార్, కూర్చుంటుంది" అంటే కూర్చోవచ్చు, తర్వాత చెక్ ఇంజిన్ లైటు వెలుగుతూనే ఉంటుంది. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లే ఆపేసింది కాబట్టి స్క్రాప్‌లోకి వచ్చే ఈ డీజిల్ ఇంజిన్లన్నీ అప్పటికే బాగా తిరిగేసినవే అయి ఉంటాయి.

అందుకే నా ఓటు, బ్లాక్ బాగుంటే, మన ఇంజిన్‌కి మనమే పని చేయించుకోవడానికే. దాని చరిత్ర మనకి తెలుసు. స్క్రాప్ ఇంజిన్‌లో ఆదా అయ్యేది రోజులే, డబ్బు ఆదా అయినట్టు కనిపిస్తుంది గానీ దానికి సీళ్లు, గాస్కెట్లు, టైమింగ్ కిట్, వాటర్ పంప్ కొత్తవి వేసి ఎక్కించేసరికి తేడా బాగా తగ్గిపోతుంది.

డబ్బు లెక్క ఇలా వేయండి

"బండి రేటే లక్షన్నర, ఇంజిన్‌కి డెబ్బై వేలా" అనే లెక్క సరైంది కాదు. ఇంజిన్ బాగుంటే మీ బండి ఎంతకి పోతుంది, ఇప్పుడున్నట్టు ఎంతకి పోతుంది, ఈ రెండూ కనుక్కోండి. ఉదాహరణకి బాగుంటే లక్షా ఎనభై, పొగ కొడుతూ ఉంటే తొంభై అనుకుందాం. ఇంజిన్ పని తొంభై వేల లోపు అయితే మీరు పెట్టింది బండిలోనే ఉంది. లక్షా ముప్పై అన్నారంటే నలభై వేలు మీరు సొంతంగా భరిస్తున్నట్టు, ఆ నలభై వేలని ఇంకా ఎన్నేళ్లు తిరుగుతారో దానితో భాగించండి. అమ్మేసి ఇంకో పాత బండి కొంటామంటే దాని ఇంజిన్ లోపల ఏముందో మళ్లీ తెలియదు, ట్రాన్స్‌ఫర్, ఇన్సూరెన్స్, టైర్లు, బ్యాటరీ ఖర్చులు పైన. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్టుల మీద జీఎస్‌టీ 18 శాతమే, పాత రేటు చెప్పి బిల్లు వద్దనే షాపులుంటాయి, బిల్లు తీసుకోండి, పార్టు గ్యారంటీ దాని మీదే నడుస్తుంది.

ఇవన్నీ వేసేముందు బాడీ చూడండి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో, రొయ్యల చెరువుల గట్ల మీద రోజూ తిరిగే బళ్లకి ఉప్పు గాలి కింద నుంచి తినేస్తుంది. బండిని లిఫ్ట్ ఎక్కించి ఛాసిస్, సస్పెన్షన్ బిగించే చోట్లు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడమనండి. రేకు లోపలికి దిగిపోతే ఇంజిన్ మీద ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

రిటైరైపోయి, నెలకి రెండు మూడుసార్లు కావలి నుంచి నెల్లూరు ఆసుపత్రికో, గుడికో వెళ్లొచ్చే పెద్దవాళ్లైతే, ఫుల్ ఇంజిన్ పనికి తొందరపడొద్దు. సీళ్లు, గాస్కెట్ లాంటి చిన్న పని చేయించుకుని ఆయిల్ చూసుకుంటూ తోలుకోండి. మీ తిరుగుడుకి అది చాలా కాలం వస్తుంది. దారిలో ఆగిపోతుందేమోనన్న టెన్షన్ ఉంటే మాత్రం కూలింగ్ సిస్టమ్ అంతా కొత్తది వేయించండి, నడిరోడ్డు మీద నిలబెట్టేది ఎక్కువగా అదే.

తిరుపతి, చెన్నై ట్రిప్పులు కొట్టే ట్యాక్సీ వాళ్లకి లెక్క వేరు. బండి పదిహేను రోజులు ఆగితే ఆ నెల కిస్తీ ఎవరు కడతారు? బాగా చూసి తెచ్చిన పాత ఇంజిన్ ఎక్కించి, మీ సొంత ఇంజిన్‌కి తీరుబడిగా పని చేయించి పక్కన పెట్టుకోవడం కొందరు చేస్తారు, మంచి ఆలోచనే, కాగితాలు మాత్రం రెండుసార్లు మార్చుకోవాలి. ఎనిమిదేళ్లు దాటిన ట్యాక్సీకి ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది కాబట్టి నంబర్ తేడాతో అక్కడికి పోకూడదు.

చెరువులకి, పొలాలకి రోజూ మేత బస్తాలేసుకుని తిరిగే రైతులకి ఫుల్ పనే మేలు, లోడు మోసే ఇంజిన్‌కి అరకొర పని నిలవదు. ఆరు నెలల్లో అమ్మేద్దామనుకునేవాళ్లు ఏ పనీ చేయించకుండా, ఇంజిన్‌కి పని ఉందని చెప్పి, ఆ రేటుకే అమ్మండి. మందమైన ఆయిల్ పోసి పొగ కనపడకుండా అమ్మితే కొన్నవాడు మన ఊరివాడే.

డీజిల్ బళ్లు పదేళ్లకే తీసేయాలంట కదా అని భయపడి అమ్మేస్తున్నవాళ్లున్నారు. ఆ గొడవ ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది. ఇక్కడ సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత తనిఖీ చేయించుకుని అయిదేళ్లకోసారి రెన్యూవల్ చేసుకోవచ్చు. మీ బండి 13, 14 ఏళ్లదైతే మాత్రం రెన్యూవల్ ఖర్చూ, దానికి కావాల్సిన మిగతా రిపేర్లూ కూడా లెక్కలో కలపండి.

కాగితాలు

సొంత ఇంజిన్‌కి పని చేయిస్తే బ్లాక్ మీది నంబర్ మారదు, ఆర్‌సీ జోలికి పోనక్కర్లేదు. వేరే ఇంజిన్ ఎక్కిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్‌టీఓ అనుమతి ముందే తీసుకోవాలి, అలా కాకుండా మార్చేసి ఉంటే 14 రోజుల్లో తెలియజేయాలి. అమ్మినవాడి బిల్లు, ఆ ఇంజిన్ ఏ బండిలోదో దాని ఆర్‌సీ కాపీ, ఆ బండిని స్క్రాప్‌కి ఇచ్చిన కాగితం అడగండి. ఇవ్వలేను అంటే ఎంత చవకైనా వద్దు, అది దొంగిలించిన బండిదైతే పోలీసులు వచ్చేది మీ ఇంటికి. ఆర్‌సీ మారాక ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా కొత్త నంబర్ రాయించండి, పాలసీలో ఒక నంబరు, బండిలో ఒక నంబరు ఉంటే క్లెయిమ్ దగ్గర చిక్కు తప్పదు.

బండి చేతికొచ్చాక

తీసిన పిస్టన్లు, బేరింగులు, రింగులు మూటగట్టి ఇవ్వమని మొదటిరోజే చెప్పి ఉంచండి, కొత్తవి నిజంగా వేశారని తెలిసేది వాటితోనే. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఫుల్ లోడు వద్దు, ఒకే స్పీడులో గంటలకొద్దీ హైవే మీద పోవద్దు, నిలబెట్టి ఎక్కువసేపు ఐడిల్‌లో ఉంచొద్దు. నెల్లూరు నుంచి కావలి దాకా స్పీడు పెంచుతూ తగ్గిస్తూ వెళ్లి రావడం మంచి పద్ధతి, రింగులు బోరుకి సర్దుకుంటాయి. 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య మొదటి ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి, ఆ పాత ఆయిల్‌ని తెల్లటి గిన్నెలోకి దించి చూడండి, సన్నటి వెండి పొడి కొంచెం ఉండటం మామూలే, వేలికి తగిలే రేకు ముక్కలు ఉంటే వెంటనే బండి ఆపి గ్యారంటీ కాగితం తీసుకుని షాపుకెళ్లండి. డిక్కీలో అయిదు లీటర్ల రెడీమిక్స్ కూలెంట్ క్యాన్ ఒకటి ఎప్పుడూ పెట్టుకోండి, బోరు నీళ్లు పోయాల్సిన అవసరమే రాదు.